కనబడే సూర్యుడు

రంజాన్ నెలలో సూర్యాస్తమయానికి ముందు గంటసేపు స్ఫాక్స్ నగరం మాటలు తగ్గిస్తుంది. దుకాణాల షట్టర్లు సగానికి దిగుతాయి. వంటిళ్ళలో చోర్బా సూపు గిన్నెలు మూతల కింద చివరిసారి కుతకుతలాడతాయి. ఖర్జూరాల పళ్ళెం ముందు కూర్చున్నవాళ్ళు దాని వంక చూడకుండా ఉండడానికి రేడియో పెట్టుకుంటారు. మిగతా నెలల్లో శని, ఆదివారాల ఉదయం వచ్చే 'వారాంతపు గోష్ఠి'ని రంజాన్‌లో మాత్రం ఈ గంటలోకి జరపడం ఆ చిన్న స్టేషన్‌లో ఆనవాయితీ. విజ్ఞానం, సంగీతం, పుస్తకాలు, ఊరి మురుగుకాలువ, దేశపు బడ్జెట్టు, దేని మీదనైనా అందులో చర్చ నడిచేది. నడిపేవాడు తిజానీ. ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి రిటైరయినవాడు. ప్రతి కార్యక్రమాన్నీ ఆయన ఒకే మాటతో ముగించేవాడు: "నా మాట నమ్మకండి. వెళ్ళి చూడండి."

ఆ శనివారం కార్యక్రమం మొదలవడానికి కాస్త ముందు తిజానీ పాత టేపుల గదిలో నిలబడి కాఫీ తాగుతున్నాడు. తలుపు అవతల మబ్రూకా వీపు ఆనించి నిలుచుంది. కంట్రోల్ గదిలో మీటలు నడిపేది ఆమె. ఎన్నో రంజాన్‌లుగా ఈ కాపలా కూడా ఆమెదే. తను మాత్రం ఒక్క రోజు కూడా ఉపవాసం మానదు.

"కానివ్వండి, సీ తిజానీ," అంది తలుపు సందులోంచి, గౌరవంగా పేరుకు 'సీ' చేర్చి. "సీ లస్సాద్ మెట్లెక్కుతున్నాడు. వాసన నడవంతా కొడుతోంది."

"వాసన తలుపు కిందనుంచి పోతుంది. గుడ్డేదైనా అడ్డం పెట్టు."

"పెట్టాను. నా స్కార్ఫే అది."

ఆయన నవ్వుతూ బయటికొచ్చి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఆమెకిచ్చాడు. రాజధాని నుంచి వచ్చే అస్తమయ పట్టికను పట్టుకుని, తమ ఊరికని అచ్చులో ఇచ్చిన తేడాను దానికి కలుపుకుని, సాయంత్రపు అజాన్ వినిపించడం ఇన్నాళ్ళ పద్ధతి. తమ ఊరి అక్షాంశ రేఖాంశాలతో తానే స్వయంగా లెక్క కట్టాననీ, ఇవాళ్టి నుంచి ఆ ప్రకారం నడపమనీ, రేపటి కార్యక్రమంలో ఆ సంగతి శ్రోతలకు చెబుతాననీ అన్నాడు. మబ్రూకా కాగితాన్ని పాత పట్టిక పక్కన పెట్టి చూసింది.

"పాతదానికంటే ముందుందే ఇది."

"పాతది ఉజ్జాయింపు. ఇది లెక్క."

ఆమె ఇంకేమీ అడగలేదు. కాగితాన్ని మీటల బల్ల అంచు కింద దోపుకుంది.

ఆనాటి అతిథి విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రం చెప్పే ఓల్ఫా. అస్తమించేటప్పుడు సూర్యబింబం కాస్త అణిగినట్టు ఎందుకు కనిపిస్తుందో ఆమె తీరిగ్గా వివరించింది. నేలకు దగ్గరగా ఉన్న గాలి వెలుగును వంచుతుందనీ, అందువల్ల మన కంటికి సూర్యుడు ఆలివ్ తోటల మీద కూర్చున్నట్టు తోచే క్షణానికి ఆయన నిజంగా దిగంతరేఖ కిందికి జారిపోయి ఉంటాడనీ చెప్పింది. తిజానీకి ఈ మాట ఎంతో నచ్చింది. మనం రోజూ ఒక వెళ్ళిపోయిన సూర్యుడికి వీడ్కోలు చెబుతున్నామన్నమాట అని వ్యాఖ్యానించి, మైకు ముందు అరచేతిని మెల్లగా దించి చూపించాడు. రేడియోలో చెయ్యి ఎవరికీ కనబడదు. అయినా ఆయనకు ఆ అలవాటు పోలేదు.

అద్దానికి అవతల మబ్రూకా ఒకసారి గడియారాన్ని, ఒకసారి కాగితాన్ని, ఒకసారి పడమటి కిటికీని చూసింది. మీట నొక్కింది. అజాన్ మొదలైంది.

స్టూడియోలో కుర్చీలు వెనక్కి జరిగాయి. ఖర్జూరాల పళ్ళెం, పాల గ్లాసులు చేతులు మారాయి. ఓల్ఫా కళ్ళు మూసుకుని రెండు గుక్కలు తాగింది. తిజానీ కూడా మర్యాదకు ఒక ఖర్జూరం తీసుకున్నాడు. రికార్డు ముగిసింది, వార్తలు మొదలయ్యాయి, నూనెలో వేయించిన బ్రిక్‌ల పొట్లం విప్పారు. అప్పుడు కిటికీ అవతల, కోటగోడ పక్కనున్న మసీదు మినారు మీదనుంచి ముఅజ్జిన్ గొంతు సవరించుకుని సాయంత్రపు పిలుపు అందుకున్నాడు.

అద్దం అవతల మబ్రూకా దవడ ఆగిపోయింది. రెండో ఖర్జూరం ఆమె నోట్లో సగం నమిలి ఉంది. మింగాలో ఉమ్మాలో తెలియక ఆమె తిజానీ వంక చూసింది.

ఆ తర్వాత ఫోన్లు మోగడం మొదలై ఆగలేదు. నగరంలో సగం ఇళ్ళు రేడియో మాట మీద నాలుగు నిమిషాలు ముందుగా ఉపవాసం విడిచాయి. ఆ దినం చెల్లదనీ, పండుగ దాటాక దానికి బదులు ఇంకొక రోజు ఉండాలనీ ఎవరో అప్పటికే పెద్దల్ని అడిగి తెలుసుకుని మరీ తిడుతున్నారు. మధుమేహంతో తల తిరుగుతున్నా పట్టుదలగా రోజంతా ఓర్చుకున్న ముసలాయన ఒకడు తిట్టలేదు. నా రోజు ఎవరు తిరిగిస్తారని మాత్రం అడిగి ఫోను పెట్టేశాడు.

*

ఆదివారం మధ్యాహ్నం డైరెక్టర్ లస్సాద్ తన గదిలో ఒక ప్రకటన రాసి సిద్ధంగా ఉంచాడు. తిజానీ కూర్చోకుండా చదివాడు. విధుల్లో ఉన్న సాంకేతిక ఉద్యోగి ఏమరుపాటు వల్ల అజాన్ ముందుగా ప్రసారమైందనీ, ఆ ఉద్యోగిని విధుల నుంచి తప్పించామనీ, శ్రోతలు క్షమించాలనీ అందులో ఉంది.

ఏమరుపాటు ఆమెది కాదనీ, ఆమె తన కాగితం ప్రకారమే నొక్కిందనీ తిజానీ చెప్పాడు. లస్సాద్ ఆశ్చర్యపోలేదు. ఆ కాగితం అప్పటికే అతని సొరుగులో ఉంది.

"నువ్వు చెప్పావనుకో," అన్నాడు లస్సాద్. "ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఏమిటో తెలుసా? ఈ లెక్క కట్టిన పెద్దమనిషి ఉపవాసం ఉంటాడా అని. నాకు కాఫీ వాసన తెలియదనుకున్నావా, సోదరా?"

తిజానీ ప్రకటన కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"నీ ఇష్టం నీది, నేనెప్పుడైనా అడిగానా? కానీ ఉపవాసం లేనివాడు ఊరందరి ఉపవాసం చెడగొట్టాడంటే ఈ స్టేషన్ ఉండదు. నువ్వూ ఉండవు, నీ గోష్ఠీ ఉండదు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో నోరెత్తి ఆలోచించే గంట ఒక్కటే ఉంది. అది పోవాలా?"

"మరి మబ్రూకా?"

"పండుగ తర్వాత చూద్దాం."

ఆ మాటకు ఇక ఎప్పటికీ చూడరని అర్థమని ఆ దేశంలో ప్రతి కార్యాలయంలోనూ తెలుసు. ఆమె కాంట్రాక్టు పండుగతో ముగుస్తుంది.

సాయంత్రం గోష్ఠిలో తిజానీ ఆ ప్రకటన చదివాడు. అద్దం అవతల మబ్రూకా కుర్చీలో ట్రాన్స్‌మిటర్ విభాగం నుంచి వచ్చిన హమ్మాదీ కూర్చున్నాడు. నెరిసిన మీసం, మందమైన వేళ్ళు, ప్రతి మీటనూ తాకేముందు ఒకసారి పైకే దాని పేరు చెప్పుకునే అలవాటు. గోష్ఠి చివర తిజానీ "నా మాట నమ్మకండి" అని మొదలుపెట్టి, ఎందుకో మిగతాది గొంతులోనే ఉంచుకున్నాడు. హమ్మాదీ దాన్ని ముగింపు సంకేతమనుకుని సంగీతం ఎత్తాడు.

*

సోమవారం తిజానీ వంటింటి బల్ల మీద లెక్క మళ్ళీ మొదటినుంచి వేశాడు. తప్పు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. సూర్యబింబపు నడిబొడ్డు రేఖను తాకే క్షణాన్ని ఆయన అస్తమయంగా తీసుకున్నాడు. పైఅంచు దిగాలన్న సంగతి విడిచిపెట్టాడు. వెలుగును వంచే గాలిని విడిచిపెట్టాడు. ఓల్ఫా మైకు ముందు దాన్నే వివరిస్తుంటే, ఆ గాలి లేని కాగితం అద్దానికి అవతల బల్ల అంచు కింద ఉంది. ఆయన లెక్కలో సూర్యుడు నిజంగానే అస్తమించాడు. జనం కంటికి మాత్రం ఇంకా ఉన్నాడు. వాళ్ళ నియమం కంటికి సంబంధించింది.

పెన్సిల్ పెట్టేసి లేచాడు. కిటికీ తెరిచాడు, మూశాడు. పుస్తకం తీసి ఒకే పేజీ రెండుసార్లు చదివాడు. బయటికి వెళ్ళి పాతబస్తీ కోటగోడ వెంట ఒక చుట్టు తిరిగి వచ్చి, చెప్పులు విడవకుండానే మళ్ళీ బయల్దేరాడు. తప్పు దొరికితే మనసు కుదుటపడుతుందని ఆయన విద్యార్థులకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నాడు. అది ఈసారి జరగలేదు.

మంగళవారం చేపల బజారులో ఆయన ఎప్పుడూ కొనే దుకాణం ముందు ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. దుకాణదారు త్రాసులో చేపను సర్దుతూ ఆయనను కూడా సంభాషణలోకి లాగాడు.

"మీ రేడియో ఆవిడకి ఆకలి ఆగలేదట కదా, సీ తిజానీ?"

"ఆగకపోతే తనొక్కతే ఒక మూలన తినొచ్చుగా," అన్నాడు పక్కవాడు. "ఊరందరికీ వడ్డించడమెందుకు?"

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో ద్వేషమేమీ లేదు. ఆకలిగా ఉన్నవాళ్ళు సాయంత్రం కోసం ఎదురుచూస్తూ చేసే హాస్యం అది. ఆ మాట ఇప్పటికి ఎన్ని దుకాణాలు తిరిగి ఉంటుందో, ఆమె ఉండే వీధిదాకా ఎప్పుడు చేరి ఉంటుందో తిజానీ ఊహించగలిగాడు. డబ్బిచ్చి వచ్చేశాడు. సగం దూరం నడిచాక చేప అక్కడే వదిలేశానని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళలేదు.

బుధవారం మబ్రూకా ఇంటికి వెళ్ళాడు. పాత రైల్వే క్వార్టర్ల వెనక, రెండంతస్తుల ఇంటి మేడ మీద ఆమె ఉతికిన దుప్పట్లు ఆరవేస్తోంది. ఆయన్ని చూసి ఆమె చెయ్యి ఆపలేదు. దుప్పటి రెండో కొస ఆయన చేతికి అందించింది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని పిండారు.

లెక్కలో తప్పు తనదేనని ఆయన చెప్పాడు. ఎక్కడ జరిగిందో కూడా వివరించబోయాడు.

"తెలుసు," అంది ఆమె.

"ఏం తెలుసు?"

"నొక్కేముందు కిటికీలోంచి చూశాను. కోటగోడ పైవరస మీద ఇంకా ఎండ ఉంది."

తిజానీ చేతిలో దుప్పటి కొస జారి నేలకు తగిలింది.

"చూసి కూడా ఎందుకు నొక్కావు?"

"మీ కాగితం ఉంది కదా." ఆమె కొస తీసి దులిపింది. "ఇంకెవరి కాగితమైనా అయితే ఆగేదాన్ని. మీరు రాస్తే నా కళ్ళదే పొరపాటనుకున్నాను."

దుప్పట్లు గాలికి టపటప కొట్టుకున్నాయి. పడమట ఆలివ్ తోటలు ఆ మేడ మీదనుంచి అడ్డు లేకుండా కనిపిస్తున్నాయి.

"ఆదివారం విన్నాను," అంది మబ్రూకా. "గొంతు బాగా పలికింది. ఒక్కచోట కూడా తడబడలేదు మీరు."

ఆమె ఖాళీ బకెట్ తీసుకుని మెట్ల వైపు నడిచింది. పొద్దు వాలుతోంది, వంట చూసుకోవాలని చెప్పింది. ఉండమని మర్యాదకైనా అనలేదు.

*

శనివారం పాత టేపుల గది తలుపు దగ్గర ఎవరూ లేరు. తిజానీ చేతిలో ఫ్లాస్కు పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, దాన్ని సంచిలో తిరిగి పెట్టేశాడు. ఉదయం నుంచి కూడా ఆయన ఏమీ తీసుకోలేదు. అందుకు కారణమేమీ చెప్పుకోలేదు. తినాలనిపించలేదు, అంతే.

ఆనాటి అంశం నగర గ్రంథాలయం మరమ్మతులు. పిలిచిన అతిథి రాలేదు. నిజానికి రావద్దని తిజానీయే పొద్దున ఫోన్ చేశాడు. ఎర్రదీపం వెలగగానే ముందు వారం సంగతి ఎత్తుకున్నాడు. సొంత గొప్ప కోసం పాత పట్టికను పక్కన పెట్టి తాను లెక్క కట్టాననీ, అందులో ఏది విడిచిపెట్టాడో, ఎందుకు విడిచిపెట్టడం తప్పో తరగతిలో చెప్పినట్టు చెప్పాడు. మీట నొక్కిన ఉద్యోగి తన కాగితాన్ని పాటించిందనీ, ఆదివారం తాను చదివిన ప్రకటన అబద్ధమనీ, అబద్ధమని తెలిసే చదివాననీ చెప్పాడు. ఈసారి మూడుచోట్ల తడబడ్డాడు.

లస్సాద్ కంట్రోల్ గదిలోకి వచ్చేసరికి ఫోను దీపాలన్నీ వెలుగుతున్నాయి. అతను హమ్మాదీ భుజం మీదుగా వంగి, స్టూడియోలోకి మాట్లాడే మీట నొక్కి, పాట వేసి ముగించమన్నాడు. తిజానీ చెవిలో ఆ మాట స్పష్టంగా వినిపించింది. ఆయన తల అడ్డంగా ఊపి, మొదటి ఫోను కలపమని సైగ చేశాడు. హమ్మాదీ ఇద్దరి వంకా చూశాడు.

"ఫోను, ఒకటి," అని పైకే చెప్పుకుని, ఆ మీట పైకెత్తాడు.

మొదటివాడు తిట్టాడు. రెండోవాడు ఇంకా నిదానంగా తిట్టాడు. మూడో గొంతు ఒక పెద్దావిడది. దూజా అని పేరు చెప్పింది. భర్త పోయి ఒంటరిగా ఉంటున్నాననీ, మేడమీద ఇంటికి పడమటి బాల్కనీ ఉందనీ చెప్పింది.

"ఆ రోజు బాల్కనీలోనే కూర్చున్నాను, బాబూ. సూర్యుడు ఎదురుగానే ఉన్నాడు. ఇంత ఎర్రగా. రేడియోలో అజాన్ వచ్చింది, ఖర్జూరం నోట్లో వేసుకున్నాను."

"సూర్యుణ్ణి చూస్తూనే తిన్నారా, ఖాల్తీ?" అని పిన్నిని పిలిచినట్టు పిలిచి అడిగాడు తిజానీ.

"చూస్తూనే. నువ్వు చెప్పాక ఇంకేం చూస్తాం?"

తిజానీ ఉపవాసం విడవడానికని పెట్టిన నీళ్ళ గ్లాసు మీద చెయ్యి వేసి, ఎత్తకుండా తీసేశాడు. ఇన్నేళ్ళ గోష్ఠిలో ఏం సాధించానని ఎవరైనా అడిగితే, జనానికి కళ్ళు తెరవడం నేర్పానని ఆయన చెప్పి ఉండేవాడు.

"పోనీలే," అంది దూజా. "నువ్వూ మాతోపాటే ఆ రోజు పోగొట్టుకున్నావు కదా. పండుగయ్యాక అందరం కలిసి ఇంకోరోజు ఉందాం."

అద్దం అవతల లస్సాద్ కదలకుండా నిలబడ్డాడు. తిజానీ ఊరికే ఉంటే చాలు. ఆవిడ తానే జవాబు చెప్పేసుకుంది.

"లేదు, ఖాల్తీ," అన్నాడు తిజానీ. "పోగొట్టుకోవడానికి నా దగ్గర ఆ రోజు లేదు."

లైనులో ఎక్కడో గిన్నె మూత చప్పుడయింది.

"అది మీరూ, ఆ పైవాడూ చూసుకోండి," అంది ఆవిడ చివరికి. 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. "ఇవాళ మాత్రం సరిగ్గా చెప్పండి. నాకు ఆకలిగా ఉంది."

పొద్దు దగ్గరపడింది. తిజానీ మైకు దగ్గరికి జరిగాడు. బల్ల మీద రాజధాని పట్టిక ఉందనీ, అది సరైనదే కావచ్చనీ, అయినా పడమటి వైపు మేడ ఉన్నవాళ్ళెవరైనా ఎక్కి చూసి తనకు చెప్పాలనీ, వాళ్ళు చెప్పేదాకా అజాన్ వెయ్యననీ అన్నాడు. లస్సాద్ ముఖం తుడుచుకున్నాడు. హమ్మాదీ వేలు మీట పక్కన సిద్ధంగా ఉంది.

ఒక దీపం వెలిగింది. హమ్మాదీ ఫోను ఎత్తి, ఎవరో విని, లస్సాద్ వంక చూడకుండా లైను స్టూడియోలోకి కలిపాడు.

"సీ తిజానీ, మేడ మీదున్నాను."

పేరు చెప్పలేదు. ఆయన అడగలేదు.

"ఏం కనిపిస్తోంది?"

"ఉన్నాడింకా. సగం."

బల్ల మీద గడియారం పట్టికలోని వేళకు చేరింది. హమ్మాదీ కళ్ళెత్తాడు. తిజానీ అరచెయ్యి నిటారుగా లేపి పట్టుకున్నాడు.

"పైఅంచు ఉంది," అంది ఆమె. "ఆగండి."

రేడియోలో మౌనాన్ని మించిన తప్పు లేదని ఆ స్టేషన్‌లో చేరినవాళ్ళకు మొదటిరోజే చెబుతారు. ఇప్పుడు ఆ మౌనంలో దుప్పట్లు కొట్టుకునే చప్పుడు, దూరంగా ఒక రైలు, ఆమె ఊపిరి మాత్రమే నగరమంతటా వినిపిస్తున్నాయి. లస్సాద్ కిటికీ దగ్గరికి వెళ్ళి, మెడ చాచి కోటగోడ వైపు చూశాడు.

"ఆగండి... ఇంకా... పోయాడు."

తిజానీ చెయ్యి దించాడు. హమ్మాదీ మీట నొక్కాడు. అదే క్షణాన కిటికీ అవతల మినారు మీది గొంతు కూడా లేచింది. రెండు పిలుపులూ ఒకదానిమీద ఒకటి పడి, ఏది రేడియోదో ఏది ఊరిదో తెలియకుండా పోయింది.

లస్సాద్ స్టూడియోలోకి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. తిజానీ వంక కాకుండా ఆరిపోయిన ఎర్రదీపం వంక చూస్తూ మాట్లాడాడు.

"ఆమెను రేపు డ్యూటీకి రమ్మను."

"మరి నేను?"

"పండుగ తర్వాత చూద్దాం."

తిజానీ తలాడించాడు. కాగితాలు సర్దుకుంటుంటే, ఉదయం నుంచి గొంతులోకి చుక్క పోలేదని ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. హమ్మాదీ మూడు ఖర్జూరాలు అరచేతిలో పెట్టుకుని వచ్చి, ఒకటి లస్సాద్‌కిచ్చి, ఒకటి తన నోట్లో వేసుకుని, మూడోదాన్ని ఆయన ముందు బల్ల మీద పెట్టాడు.